ఆసిఫాబాద్ బడిలో 'ఆంటిగొనీ' యెందుకు ఆడాలి?

గ్రీకు విషాదాంత నాటకం అనగానే తెలుగు ఎమ్.ఏ. చదివినవాళ్ళకు చప్పున గుర్తొచ్చే మాటలు రెండే. ఒకటి విధి, రెండోది అరిస్టాటిల్ చెప్పిన కెథార్సిస్. పరీక్షలో పది మార్కులకు యివి చాలు. కానీ ఆసిఫాబాద్ బడిపిల్లల నాటక బృందం వార్షికోత్సవంలో సోఫోక్లీస్ 'ఆంటిగొనీ'ని ఆడాలనుకుంటే మాత్రం యీ రెండు మాటలూ యే మూలకూ చాలవు. 'గ్రీసు యెక్కడ, ఆసిఫాబాద్ యెక్కడ?' అని నవ్వేవాళ్ళకు జవాబు కావాలి. ఆ జవాబును సౌందర్యశాస్త్రంలో గాక చరిత్రలో వెతకాలి.

మొదట ఒక విషయం గుర్తుచేసుకుందాం. ఆధునిక తెలుగు రంగస్థలం బడిపిల్లలతోనే మొదలైంది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని'ని ఆడించాడు. లంచగొండితనాన్నీ, కోర్టుల చుట్టూ అల్లుకున్న మోసాన్నీ పిల్లల నోట చెప్పించాడు. విషాదాంతం మన సంప్రదాయం కాదన్న వాదానికి బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర'తో సమాధానం చెప్పాడు. అసలు చిత్రాంగి, సారంగధరుల కథకూ, యూరిపిడీస్ 'హిప్పోలిటస్'లో సవతితల్లి ఫీడ్రా కథకూ వున్న పోలిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకరి నుంచి మరొకరు తెచ్చుకున్నారని కాదు. అంతఃపురం, అధికారం, అనుమానం వున్న ప్రతి సమాజమూ అలాంటి కథను కంటుంది. కనుక గ్రీకు నాటకం మనకు పరాయిదన్న మాటలో పస లేదు.

ఇక 'ఆంటిగొనీ' సంగతి. క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్‌లో ప్రదర్శించిన నాటకమిది. అన్నదమ్ములిద్దరు థీబ్స్ సింహాసనం కోసం పోరాడి ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. కొత్త రాజు క్రియాన్ ఒకడికి ఘనంగా అంత్యక్రియలు జరిపించి, రెండోవాడైన పాలినైసీస్ శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలెయ్యమన్నాడు. ముట్టుకున్నవాళ్ళకు మరణశిక్ష అన్నాడు. చెల్లెలు ఆంటిగొనీ ఆ ఆజ్ఞను ధిక్కరించి అన్న శవం మీద గుప్పెడు మట్టి వేసింది. కథంతా ఆ గుప్పెడు మట్టి చుట్టూ తిరుగుతుంది.

ఇందులో విధి పాత్ర యెంత? క్రియాన్ ఆజ్ఞ ఆకాశం నుంచి వూడిపడలేదు. సింహాసనం యెక్కి ఒక రోజు గూడా నిండని పాలకుడు, తన అధికారం నిలవాలంటే శవాన్ని గూడా శిక్షించాలనుకున్నాడు. సరిదిద్దుకోవడానికి అతనికి అవకాశాలు వచ్చాయి. కన్నకొడుకు హీమన్ వచ్చి, నగరంలో జనం చాటుమాటుగా ఆ పిల్ల కోసం యేడుస్తున్నారని చెప్పాడు. రాజు వినలేదు. విన్నాక ఆలస్యమైంది. దీన్ని విధి అనడం పాలకుడి తప్పును దేవుడి ఖాతాలో వెయ్యడమే.

హెగెల్ యీ నాటకంలో రెండు న్యాయాల ఘర్షణ చూశాడు. రాజ్యానిది ఒక న్యాయం, కుటుంబానిది ఒక న్యాయం, రెండూ సమానమే అన్నాడు. తూకం చక్కగా వుంది. కానీ తక్కెడలో ఒకవైపు సైనికులున్నారు, రెండోవైపు గుప్పెడు మట్టి వుంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోని విమర్శ అసంపూర్ణ విమర్శ. అలాగని సోఫోక్లీస్‌ను మన కాలపు విప్లవకారుణ్ణి చెయ్యనక్కర్లేదు. ఆంటిగొనీ రాజు కూతురు. ఏథెన్స్ ప్రజాస్వామ్యంలో స్త్రీలకూ బానిసలకూ చోటు లేదు. ఆమె పాత్రను గూడా ముసుగు తొడిగిన పురుషుడే ధరించాడు. ఈ పరిమితులను చెబుతూనే నాటకాన్ని స్వీకరించాలి.

ఎవరు స్వీకరించారో చూడండి. 1944లో, నాజీల ఆక్రమణలో వున్న పారిస్‌లో ఝాఁ అనూయ్ దీన్ని తిరగరాసి ఆడించాడు. దక్షిణాఫ్రికా రాబెన్ ద్వీపం జైల్లో రాజకీయ ఖైదీలు దీన్ని ఆడారు. అందులో తాను క్రియాన్ వేషం వేసినట్టు నెల్సన్ మండేలా ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ జైల్లో ఖైదీలు 'ఆంటిగొనీ' ఆడిన స్ఫూర్తితోనే ఏథల్ ఫ్యూగార్డ్, జాన్ కానీ, విన్‌స్టన్ ఎన్‌చోనాలు 1973లో 'ది ఐలాండ్' నాటకం తయారుచేశారు. చచ్చినవాళ్ళ కోసం యేడ్చే హక్కు లేని చోటల్లా ఆంటిగొనీ అవసరమైంది.

అలాంటి చోటు మనకూ వుంది. ఆసిఫాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌లో 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో కొమురం భీం, అతని సహచరులు నేలకొరిగారు. 1981 ఏప్రిల్ 20న, సంత రోజు, ఇంద్రవెల్లిలో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు యెన్నో రెట్లని హక్కుల సంఘాలు అన్నాయి. వాళ్ళ పేర కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, 1987లో మళ్ళీ కట్టారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే స్తూపం చుట్టూ పోలీసులు, నిషేధాజ్ఞలు. ఇటీవలి యేళ్ళలో ఆ ఆంక్షలు సడలాయి. అంతవరకూ కన్నవాళ్ళు గూడా ఒక పువ్వు పెట్టడానికి వెనకాముందూ చూసుకోవలసి వచ్చింది. క్రియాన్ ఆజ్ఞకూ దీనికీ భేదం యెంత?

కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు చనిపోయిన తమవాళ్ళ పేర తూం పూజలు చేస్తారు. పోయినవాళ్ళకు చెయ్యవలసింది చేశాకనే బతికున్నవాళ్ళకు పండుగ. ఈ సంస్కారంలో పెరిగిన పిల్లకు ఆంటిగొనీ మొండితనాన్ని మనం బోర్డు మీద రాసి వివరించనక్కర్లేదు.

ప్రదర్శన విషయంలో మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, భాష. గ్రీకు నాటకంలో సంభాషణలు ఏథెన్స్ మాండలికంలో నడిస్తే, బృందగానానికి డోరిక్ మాండలికపు ఛాయ వుండేది. కనుక రాజు తెలుగులో మాట్లాడి, బృందం గోండిలో పాడితే అది సోఫోక్లీస్‌కు అపచారం కాదు. బృందంలో 15 మంది వుంటారు. వెనక బెంచీల పిల్లలకు గూడా వేషం దొరుకుతుంది.

రెండు, వేషం. తెల్ల దుప్పట్లు చుట్టి, అట్ట కిరీటాలు పెట్టి గ్రీసును తెద్దామనుకోవద్దు. ఒక గుప్పెడు మట్టి చాలు.

మూడు, క్రియాన్ పాత్ర. అతన్ని మీసాలు మెలేసే రాక్షసుణ్ణి చెయ్యకూడదు. పాలినైసీస్ సొంత నగరం మీదికే సైన్యం తెచ్చినవాడు, అమాయకుడు కాదు. అందుకే క్రియాన్ వాదన సబబుగానే వినిపించాలి. చనిపోయినవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు ప్రశ్న. ఎవరి కోసం యేడవాలో చెప్పే అధికారం పాలకుడికి యెవరిచ్చారన్నదే ప్రశ్న.

పిల్లలు ఆ ప్రశ్న అడిగాక, థీబ్స్ వృద్ధుల బృందంలా రాజు ముఖం చూస్తూ తలలూపుతామా, లేక హీమన్‌లా వీధిలో విన్నది విన్నట్టు చెబుతామా అన్నది ముందు వరుస కుర్చీల్లో కూర్చునే ఉపాధ్యాయులం, రచయితలం తేల్చుకోవాలి.