గోడంత పుట అరచేతికి ఒదిగిన కథ

ఉగాదికి మన సంఘము వారు తెచ్చే సంచికలో మాకు కూడ ఏటా రెండు పుటలు ఇస్తున్నారు. మన తాతలు బి.ఎన్.ఆర్. కాలములో ఈ ఒడిశా గడ్డకు వచ్చి స్థిరపడిన సంగతులు ఇంతకు ముందే వ్రాసినాము. ఈ మారు వేరొక వలసను గూర్చి వ్రాయదలచినాము. అది మనుష్యుల వలస కాదు. బల్లమీది కంప్యూటరు కొరకు కట్టిన వెబ్‌సైటు అరచేతిలోని సెల్‌ఫోనుకు వలస వచ్చిన చరిత్ర. మేము ఇంజనీరులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే గుమాస్తాగిరిలో కుదిరినవారము. అయినను ఈ చరిత్ర తెలిసికొనవలసిన అవసరము మాకు ఎట్లు కలిగినదో మొదట చెప్పవలెను.

గత చలికాలములో ఒక ఆదివారము నాడు మా క్వార్టర్సు వెనుక వరుసలో ఉండే పిన్నిగారు ఒకరు ఫోను పట్టుకొని వచ్చినారు. వారి భర్త గ్యాంగుమన్‌గా పనిచేసి కాలము చేసినారు. "నాయనా, మూడు నెలలైనది. మనుమడి చేత ఫారము నింపించి పంపినాను. డబ్బు రాలేదు, జవాబూ రాలేదు" అన్నారు. ఫోను తెరచి చూచినాము. గడులన్నీ ఉన్నవి. సబ్మిట్ బటను మాత్రము లేదు. పుట ప్రక్కకు జరుగదు, వ్రేళ్లతో పెద్దది చేద్దామంటే పెరుగదు. ఒక మిత్రుని ఇంట పెద్ద కంప్యూటరుపై అదే పుట తెరచినాము. కుడివైపు చివర బటను దర్జాగా కూర్చొని యున్నది! కుర్రవాడు గడులన్నీ నింపి, అడుగుదాకా వచ్చి, పని అయినదనుకొని మూసివేసినాడు. మూడు నెలలు ఆ తల్లి రాని జవాబు కొరకు ఎదురుచూచినది. అది ఏ కార్యాలయమో పేరు చెప్పము. అట్టివి ఇంకను చాల ఉన్నవి. ఒక పుట ఫోనులో సరిగా కనబడకపోవుట అందచందాల విషయము కాదనియు, అది ఒకరి ఇంటి బియ్యపు విషయమనియు ఆ రోజున మాకు తెలిసినది.

మొదటి పుట వంగే పుటయే

ఈ వెబ్బును కల్పించినవాడు టిమ్ బర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు. స్విట్జర్లాండులోని జెనీవా వద్ద సెర్న్ అను పరిశోధనశాలలో పనిచేస్తూ 1989లో దీని ఆలోచన వ్రాసి పై అధికారులకు ఇచ్చినాడు. 1991లో అది లోకమునకు తెలిసినది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ వారు దీనిని ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని ప్రకటించినారు.

ఆ మొదటి పుటలలో బొమ్మలు లేవు, స్తంభాలు లేవు. శీర్షిక, పేరాలు, మరొక పుటకు దారి చూపే లంకెలు, అంతే. వాటికి వెడల్పు అని ఒకటి లేదు. చూచేవాని తెర ఎంత వెడల్పుంటే పంక్తులు అంతకే మడిగేవి. నీరు చెంబులో పోస్తే చెంబు ఆకారము, గిన్నెలో పోస్తే గిన్నె ఆకారము గదా! అట్లే ఉండేది. నేటి ఫోనులో ఆనాటి పుట తెరచినను ఇబ్బంది లేకుండ చదువవచ్చును. అనగా వంగే గుణము తరువాత నేర్చినది కాదు, పుట్టుకతో వచ్చినదే.

ఆ గుణమును పోగొట్టినవారము మనమే. అచ్చుపనికి అలవాటుపడినవారు వెబ్బులోకి వచ్చి, కాగితమునకు వలెనే దీనికిని కొలతలు గీసినారు. తెరమీది చుక్కలను పిక్సెళ్లు అంటారు. 800 పిక్సెళ్ల తెరలున్న రోజులలో పుటను దానికి తగినట్లు బిగించినారు. 1024 పిక్సెళ్ల తెరలు వ్యాపించిన తరువాత 960 పిక్సెళ్ల పుట వాడుకైనది. మేము చిన్నతనమున గంటకింత అని ఇచ్చి సైబరు కేఫులో కూర్చున్నప్పుడు "ఈ సైటును 800 × 600 తెరపై చూడుడు" అని పుట అడుగున వ్రాసియుండుట చూచినాము. భోజనమునకు పిలిచి, మా పీటకు సరిపడే అతిథులే రావలెనన్నట్లున్నది ఆ మాట!

ఇది తప్పని ముందే చెప్పినవాడు ఒకడున్నాడు. జాన్ ఆల్సప్ అను ఆస్ట్రేలియావాసి 2000 ఏప్రిల్‌లో ఒక వ్యాసము వ్రాసినాడు. కాగితము మారదు, అది దాని పరిమితి; వెబ్బు పుట మారగలదు, అది దీని బలము; కనుక పుటపై పెత్తనము విడిచిపెట్టవలెను అని దాని సారాంశము. చీనా దేశపు తావో సిద్ధాంతమును ఉపమానముగా తెచ్చినాడు. అందరును మెచ్చుకొన్నారు. ఆచరించినవారు బహుకొద్ది.

ఫోనులోని మొదటి ప్రయత్నములు

ఈలోగా ఫోనులు వచ్చినవి. 1998 ప్రాంతమున కొన్ని కంపెనీలు కలిసి వాప్ అను పద్ధతిని ఏర్పరచినవి. ఫోను తెర నాలుగైదు పంక్తులకు మించదు గనుక, పుటకు బదులు 'కార్డు' అన్నారు, కొన్ని కార్డులు కలిస్తే 'డెక్' అన్నారు. పేకముక్కల భాష! కాని దాని కొరకు సైటును వేరే భాషలో మరల వ్రాయవలసి వచ్చేది. నెట్టు నత్తనడక, ఖర్చు నిమిషముల లెక్క. జనము ఆదరించలేదు. జపానులో మాత్రము డొకోమో కంపెనీ వారి ఐ-మోడ్ 1999 ఫిబ్రవరిలో మొదలై కోట్లమందికి అలవాటైనది. మామూలు వెబ్బు భాషనే కొంత కుదించి వాడుట అందుకు ఒక కారణము.

మన దేశములో బటన్ల ఫోనులవారికి ఎక్కువగా తోడ్పడినది ఒపెరా మినీ. నార్వే దేశపు కంపెనీ దీనిని 2005లో మొదలుపెట్టి 2006 జనవరిలో లోకమంతటికి ఇచ్చినది. మనము కోరిన పుటను ముందు వారి కంప్యూటరు తెప్పించుకొని, బరువు తగ్గించి, చిన్న తెరకు తగినట్లు మడిచి పంపేది. మేము మొదటి జీతముతో కొన్న ఫోనులో పరీక్షా ఫలితములు, బండ్ల వేళలు చూచినది దీనితోనే.

2007 జూన్ 29న ఐఫోను అమ్మకమునకు వచ్చినది. దాని తెర వెడల్పు 320 పిక్సెళ్లు. లోకములోని సైటులన్నీ మూడింతలు వెడల్పుగా ఉండగా అది ఏమి చేయగలదు? అందుచేత ఒక ఉపాయము పన్నినారు. తన వెడల్పు 980 అని ఆ ఫోను సైటుతో అబద్ధమాడుతుంది. పుట పూర్తిగా వచ్చిన తరువాత దానిని కుదించి చూపుతుంది. అక్షరములు ఆవగింజలంత కనబడతవి. చదువవలసిన చోట రెండుసార్లు తట్టితే పెద్దవగును. ఇది తాత్కాలికపు సర్దుబాటే. "అబద్ధము వద్దు, నీ అసలు వెడల్పు చెప్పు" అని సైటు ఫోనును అడుగుటకు వ్యూపోర్టు అను ఒక పంక్తిని కూడ వారే ఏర్పాటు చేసినారు. నేటికిని ప్రతి సైటు తలకట్టులోను ఉండవలసిన పంక్తి అదియే. పిన్నిగారి ఫారమునకు వ్రేళ్లతో పెద్దది చేసే వీలు లేకుండ తాళము వేసినది కూడ ఆ పంక్తిలోనే. మందు ఎక్కువైతే విషమైనట్లు.

నౌపడా జంక్షను పాఠము

తరువాత పెద్ద సంస్థలవారు వేరొక దారి పట్టినారు. కంప్యూటరుకు ఒక సైటు, ఫోనుకు 'ఎం' అను అక్షరము ముందు తగిలించిన మరొక సైటు. రైల్వేవారికి ఇది చప్పున అర్థమగును. బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, న్యారోగేజి 762. మన పర్లాకిమిడి చిన్నరైలు 1900లో ఆ న్యారోగేజి మీదనే నౌపడా నుండి మొదలైనది గదా! నౌపడా జంక్షనులో పెద్దబండి దిగిన మనిషి చిన్నబండి ఎక్కవలెను. సరుకు ఒక బండినుండి దింపి మరొక బండికి ఎక్కించవలెను. కూలి రెండింతలు, కాలము రెండింతలు.

రెండు సైటుల కథయు అంతే. ఒకదానిలో మార్చిన సమాచారము రెండవదానిలో మారదు. ఫోనులో చూచిన పుటను మిత్రునికి పంపితే అతని కంప్యూటరులో బక్కచిక్కిన పుట తెరచుకొనును. వచ్చినది ఏ ఫోనో దాని పేరును బట్టి ఊహించవలెను. నెలకు పది క్రొత్త మోడళ్లు వచ్చుచుండగా ఎన్నింటి పేర్లు జాబితాలో వ్రాయగలరు? జాబితాలో లేని చవుక ఫోనువానికి ఎప్పుడును అన్యాయమే.

గేజి ఒక్కటి చేసినవారు

2009లో లూక్ రోబ్లెస్కీ అను అమెరికావాసి "ముందు మొబైలుకు" అను సూత్రము చెప్పినాడు. పెద్దతెరకు కట్టి చిన్నదానికి కోయుట కాదు, చిన్నతెరకే ముందు కట్టవలెను. చోటు తక్కువ గనుక నిజముగా అవసరమైనదే మిగులును అని ఆయన వాదము.

2010 మే 25న ఈథన్ మార్కాట్ అను మరొక అమెరికావాసి "రెస్పాన్సివ్ వెబ్ డిజైన్" అను వ్యాసము ప్రకటించినాడు. పదేండ్ల క్రిందట ఆల్సప్ వ్యాసము వెలువడిన పత్రికయే దీనికిని చోటిచ్చినది. ఇందులో మూడు అంగములున్నవి. మొదటిది, కొలతలు పిక్సెళ్లలో కాక వంతులలో చెప్పుట. 960 పుటలో 640 స్తంభము అనవద్దు, మూడింట రెండు వంతులు అనవలెను. అప్పుడు పుట ఎంతైనను స్తంభము దానికి తగినట్లుండును. రెండవది, బొమ్మ తానున్న గడిని దాటకుండుట. మూడవది, మీడియా క్వెరీ. తెర ఇంతకంటె సన్నమైతే ప్రక్కప్రక్కన ఉన్నవాటిని ఒకదాని క్రింద ఒకటి పెట్టుము అని ముందే ఆజ్ఞ వ్రాసియుంచుట. ఒకే సైటు, ఒకే చిరునామా, అన్ని తెరలకు.

2011 సెప్టెంబరులో బోస్టన్ గ్లోబ్ అను పెద్ద దినపత్రిక తన సైటును ఈ పద్ధతిలో కట్టి చూపగా సందేహములు తీరినవి. 2012 జూనులో మీడియా క్వెరీలు వెబ్బు ప్రమాణ సంస్థవారి ఆమోదము పొందినవి. మన పర్లాకిమిడి మార్గము బ్రాడ్‌గేజిగా మారి గుణుపూరు దాకా పెద్దబండ్లు నడిచినది కూడ సుమారు ఆ సంవత్సరములలోనే.

2015 ఏప్రిల్ 21 నుండి, ఫోనులో వెదకువారికి ఫోనులో చక్కగా కనబడే సైటులనే ముందు చూపుదుమని గూగులు నియమము పెట్టినది. అంతవరకు నిద్రించినవారు కూడ లేచినారు. 2016 అక్టోబరులో లోకమంతట కంప్యూటర్లకంటె ఫోనులు, ట్యాబ్లెట్ల ద్వారా వెబ్బు చూచుట ఎక్కువైనదని స్టాట్‌కౌంటర్ లెక్క కట్టినది. ఆ సెప్టెంబరులోనే మన దేశములో జియో వచ్చి నెట్టు చవుకైనది. 2002 ఆగస్టులో రైల్వే టిక్కెట్టు నెట్టులో కొనే ఏర్పాటు వచ్చినప్పుడు అది కంప్యూటరు గలవాని సౌకర్యము. ఈనాడు మన కాలనీలో చాలమంది ఇళ్లలో ఫోను తప్ప వేరే కంప్యూటరు లేదు. వారికి ఫోనులో లేనిది లోకములోనే లేదు.

తెలుగు అక్షరము సంగతి

ఇక మన భాష. తెలుగునకు 1991లోనే యూనికోడులో 128 స్థానములు కేటాయించినారు. అయినను చాలకాలము పత్రికలవారు ఎవరి ఫాంటు వారు వాడినారు. ఆ ఫాంటు దింపుకొంటేనే అక్షరము, లేకున్న పిచ్చిగీతలు. తొలినాటి ఫోనులలో తెలుగు చోట ఖాళీ డబ్బాలు కనబడేవి. అందుచేత కొందరు తెలుగును బొమ్మగా చేసి పెట్టినారు. బొమ్మ మడగదు. చిన్నతెరలో అక్షరములు చీమలై పోవును.

2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రము జరిగినది. 'జ్ఞా' అను మన అక్షరము ఒక తీరున కూర్చబడి సందేశముగా వస్తే ఐఫోనులోని ఆ అప్లికేషను కూలిపోయేది. లోకమంతట అది వార్త అయినది. ఆపిల్ వారు ఆ నెలలోనే సవరించినారు. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంతటి యంత్రమును తికమక పెట్టినదని నవ్వుకొన్నాము. కాని నవ్వుతోబాటు ఒక పాఠమున్నది. మన లిపిలో పరీక్షించి చూడనిదే మన లిపికి పనికివచ్చునని ఎవ్వరును అనుకొనరాదు. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తుల ఎడము తెలుగునకు చాలదు. క్రింది వత్తులు, పై గుడులు ఒకదానినొకటి తాకును. మన సమాసములు పొడుగు గనుక సన్నని గడిని దాటి బయటికి పొడుచుకొని వచ్చును. ఇవి తెలుగువారు చూచి చెప్పవలసిన సంగతులు.

మన యింటి సంగతి

పిన్నిగారి ఫారము పంపిన రాత్రి ఆ కార్యాలయము వారిని మనసులో బాగుగా తిట్టుకొన్నాము. తరువాత ఎందుకో మన సంఘము సైటును మా ఫోనులో తెరచినాము. సిగ్గుపడినాము. రెండేండ్ల క్రిందట దానిని పెద్ద కంప్యూటరుపై కూర్చొని కట్టించిన ఉపసంఘములో మేమును ఉన్నాము. ఉగాది కార్యక్రమము స్కాను చేసిన బొమ్మ. సభ్యుల పట్టిక ఆరు నిలువు గడులు, తెరలో పట్టినవి రెండు. చందా కట్టే బటను గోటికి కూడ అందనంత చిన్నది. మన పెద్దలు ఎవరును ఫిర్యాదు చేయలేదు. తమకు చదువు రాదనుకొని ఊరకున్నారు. పుట తప్పును తమ తప్పుగా ఎంచుకొన్నారు. అన్నిటికంటె అదే మాకు బాధ కలిగించినది.

ఇద్దరు కుర్రవాళ్ల సాయముతో నెల దినములలో సరిచేసినాము. బొమ్మల చోట తెలుగు అక్షరములు పెట్టినాము. పట్టికను ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క చీటీగా విడదీసినాము. బటను బొటనవ్రేలికి తగినంత చేసినాము. ఫొటోల బరువు తగ్గించినాము. ఒకసారి తెరచిన కార్యక్రమపు పుట, బండిలో సిగ్నలు పోయినను మరల కనబడునట్లు ఫోనులోనే దాచే ఏర్పాటు చేసినాము. అక్షరములు పెద్దవి చేసికొనుటకు తాళము వేయలేదు.

సంఘము పెద్దలకు మా విన్నపము ఒక్కటే. ఇకమీదట ఏ పుట కట్టించినను, దానిని కార్యదర్శిగారి పెద్దతెరపై చూచి మెచ్చుకొనవద్దు. కాలనీలో అన్నిటికంటె చవుక ఫోను ఎవరి దగ్గరున్నదో వారి ఇంటికి వెళ్లి, వారి చేతనే తెరపించి, వారు చదివి, బటను నొక్కి, "అయినది నాయనా" అన్న తరువాతనే లోకమునకు విడువవలెను. ఈ ఏటి కార్యక్రమమును ముందుగా తెరచి చూచినవారు వెనుక వరుస పిన్నిగారే. అద్దములు లేకుండనే చదివి, "కవిసమ్మేళనము ఏడింటికా? మరి వంట ఎప్పుడు చేసేది?" అని అడిగినారు. వేళ మార్చవలసినదిగా కార్యవర్గమును కోరుచున్నాము.

అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు.