రాయచూరు దోవాబులో రాతిగోడల ఇండ్లు: భూకంపరక్షణకు చరిత్ర నేర్పిన పాఠములు

కృష్ణా తుంగభద్రా నదుల నడుమనున్న రాయచూరు దోవాబు దక్కను చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన సీమ. విజయనగర రాయలును బహమనీ సుల్తానులును ఈ భూమికై తరతరములుగ పోరాడిరి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తానును ఓడించి రాయచూరు కోటను గైకొనుట తెలుగువారందరు ఎరిగిన కథయే. కోటగోడల చరిత్రను పండితులు విపులముగ వ్రాసియున్నారు. ఆ కోటల చుట్టును కాపురములు చేసిన ప్రజల ఇంటిగోడల చరిత్రను మాత్రము అంతగ పట్టించుకొనలేదు. భూమి కంపించిన వేళ ప్రాణమును నిలుపునదియు, తీయునదియు ఆ ఇంటిగోడయే. కావున దాని పుట్టుపూర్వోత్తరములను విచారించుట అవసరము.

రాయచూరు జిల్లాలోని మల్లట్ మొదలైన గ్రామములు 1956 వరకు హైదరాబాదు రాజ్యములోనివి. గద్వాల, ఆలంపురము తాలూకాలు నప్పుడు రాయచూరు జిల్లాలోనే యుండెను. ఆ యేడు నవంబరు 1న రాష్ట్రములు పునర్వ్యవస్థీకరింపబడినపుడు ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశమున చేరినవి. తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోయినది. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమను పేరు దాల్చినది. ఉత్తరమున నున్న ఉస్మానాబాదు జిల్లా మొదట బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. ఇట్లు ఒక రాజ్యము మూడు రాష్ట్రముల పాలైనను, పల్లెటూరి ఇంటి కట్టుబడి మాత్రము మూడుచోట్లను చాలకాలము ఒకే తీరున నిలిచినది. తుంగభద్ర కాలువ పారిన పిమ్మట కోస్తా జిల్లాల నుండి వచ్చి కాంపులు ఏర్పరచుకొనిన తెలుగు రైతులును నేడు ఈ సీమవారే. కాన ఈ విచారణ పాతకాపులకును, తరువాత వచ్చినవారికిని సమానముగ సంబంధించినది.

సీమయింటి కట్టుబడి

ఈ ప్రాంతపు పాత ఇండ్లకు రాయి, మట్టి, కొయ్య ముఖ్యమైన సామగ్రి. చేనిలోను గుట్టలోను దొరికిన రాళ్లను బురదమట్టితో పేర్చి గోడ లేపుదురు. గోడకు లోపలివైపు ఒక వరుసయు, వెలుపలివైపు ఒక వరుసయు పెట్టి, నడుమ చిన్నరాళ్లు, మట్టి నింపుదురు. గోడ మందము రెండడుగులకు తగ్గుట అరుదు. దూలములపై వాసములు పరచి, వానిపై కట్టెలో పలకలో పేర్చి, ఆపైన మట్టి దట్టముగ కొట్టి మిద్దె వేయుదురు. వాన కురిసి మిద్దె కారినప్పుడెల్ల పాతమట్టి తీయక పైన కొత్తమట్టి వేయుట వాడుక. అందుచే ఇంటికి ఏండ్లు పెరిగినకొలది నెత్తిబరువును పెరుగును.

ఈ ఇంటిని నిందించుట న్యాయము కాదు. వేసవిలో నిప్పులు చెరుగు ఎండకు ఆ మందపుగోడ చల్లదన మిచ్చును. దొంగభయము నుండి కాపాడును. సామగ్రి ఊరిలోనే దొరకును. పూర్వులు ఎండను, వానను, దొంగను దృష్టియందుంచుకొని ఇల్లు కట్టిరి. భూమి కదలుననునది వారి లెక్కలో లేదు. గోడ తన బరువును నిలువుగ మోయుటకు చాలినదే గాని, ప్రక్కకు ఊపినపుడు రెండు వరుసలకును పట్టు లేకపోవుటచే ఉబ్బి, చీలి, ఒకటి లోనికిని వేరొకటి వెలికిని కూలును. ఆధారము తప్పిన మిద్దె క్రిందనున్నవారిపై పడును. మందమే బలమని తోచినను, బంధము లేని మందము భారమే యగును.

కదలని నేల యను నమ్మకము

ఆదిశేషుడు తల మార్చుకొనుటచే భూమి కదలునని మన జనులు చెప్పుకొనుచుండిరి. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపలక్షణమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, దిగ్గజముల నిట్టూర్పులు, వాయువుల సంఘర్షణము మొదలుగా పూర్వాచార్యులు చెప్పిన కారణములను పేర్కొనెను. అనగా ప్రాచీనులు భూకంపమును ఎరుగనివారు కారు. దక్కను పీఠభూమి మాత్రము అతిప్రాచీన శిలామయ మగుటచే, అది కదలని నేల యని ఆధునికకాలమునను చాలమంది తలచిరి.

చరిత్ర యందులకు సాక్ష్యమీయదు. 1843 ఏప్రిల్ 1న బళ్ళారి ప్రాంతమున భూమి కంపించినది. మల్లట్ నుండి బళ్ళారికి దక్షిణముగ నించుమించు నూరు కిలోమీటర్ల దూరమే. 1900 ఫిబ్రవరిలో కోయంబత్తూరు ప్రాంతమున పెద్ద కంపము కలిగెను. 1967 మార్చి 27న ఒంగోలు వద్ద 5.4 పరిమాణము గల భూకంపము వచ్చెను. ఆ సంవత్సరమే డిసెంబరు 11న మహారాష్ట్రములోని కొయనా జలాశయము చెంత 6.3 పరిమాణముతో భూమి అదిరి, సుమారు 180 మందిని బలిగొన్నది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము ప్రాంతము కంపించినది. ఇటీవల 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో కలిగిన 5.3 పరిమాణపు కంపము హైదరాబాదు వరకును తెలిసినది.

భారతదేశమున భూకంపములకు తట్టుకొను కట్టడములను గూర్చిన ప్రమాణగ్రంథము మొదటిసారి 1962లో వెలువడెను. కొయనా ఉత్పాతము తరువాత 1970లో పటమును సవరించిరి. ఆ పటమునందు కిల్లారి ప్రాంతము అన్నిటికంటె తక్కువ ప్రమాదము గల మొదటి మండలములో చూపబడినది. ఇరువదిమూడేండ్లకు ఆ నమ్మకము పటాపంచలైనది.

1993 సెప్టెంబరు 30

కిల్లారి లాతూరు జిల్లాలోని గ్రామము. మల్లట్‌కు ఉత్తరముగ రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరముననున్నది. 1992 ఆగస్టు నుండి కొన్ని నెలలు అచ్చట చిన్నచిన్న అదురులు కలిగి, తరువాత అణగినవి. 1993లో వినాయక నిమజ్జనోత్సవము ముగించుకొని జనులు అలసి నిద్రించియుండగా, సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు భూమి ఒక్కసారి పెల్లగిలినట్లు కదలెను. పరిమాణము 6.2. కంపనాభి నేలకు అతి సమీపమున నుండుటచే ఊపు ఉగ్రమైనది. లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో 52 గ్రామములు నేలమట్టమైనవి. మృతులు సుమారు 10,000 మంది.

వీరిలో అధికులు రాతిగోడల మట్టిమిద్దెల క్రిందనే మరణించిరి. గోడలు రెండుగ చీలి కూలినవి. అడుగులకొలది మట్టి నిద్రించుచున్నవారిని కప్పివేసినది. లేచి పరుగెత్తుటకు వ్యవధి లేదు. పరుగెత్తినవారిపై ఇరుకు సందులకు ఇరువైపుల గోడలు పడెను. అయితే గోడ కూలినను, మిద్దెను మోయు కొయ్యస్తంభములు దూలములతో గట్టిగ బిగింపబడియున్న ఇండ్లు కొన్ని నిలిచినవి. స్తంభము, దూలము ఒకదానినొకటి పట్టుకొని యుండుటయే అందులకు కారణము.

ఈ సందర్భమున వేరొక భూకంపమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1989 అక్టోబరు 17న అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతమున కలిగిన భూకంపము పరిమాణము 6.9. అనగా అది కిల్లారి కంపముకంటె పదిరెట్లకు పైగా శక్తి వెలువరించినది. అందు మరణించినవారు 63 మంది. నేలల తీరు, కంపము కలిగిన వేళ మొదలగు భేదములు కలవు. వానిని తీసివేసినను ఈ రెండు సంఖ్యల నడుమనున్న అంతరమునకు ప్రధానకారణము ఇల్లే. చంపినది భూకంపము గాదు, కూలిన గోడ.

ముందుచూపు గెలిచిన చోట్లు

ఈ సత్యమును మన దేశము అప్పటికే ఎరిగియుండెను. 1897 జూన్ 12 నాటి మహాభూకంపము తరువాత అస్సాములో రాతికట్టడములు తగ్గి, కొయ్యచట్రము, రెల్లు, తేలికైన కప్పు గల ఇండ్లు వాడుకలోనికి వచ్చినవి. బలూచిస్థానములో 1931లో కలిగిన భూకంపమును గమనించి, ఎస్. ఎల్. కుమార్ అను యువ ఇంజనీరు క్వెట్టాలో రైల్వే ఉద్యోగులకు తట్టుకొను నివాసములను నిర్మింపజేసెను. 1935 మే 31న క్వెట్టా పట్టణము నాశనమై వేలకొలది జనులు మరణింపగా, ఆ నివాసములు చెక్కుచెదరక నిలిచినవి. నాలుగేండ్లలో ఒక్కని ముందుచూపు సాధించిన ఫలమిది.

రక్షణమార్గములు

కిల్లారి తరువాత దేశపు ప్రమాణగ్రంథములు మట్టి, రాతి ఇండ్లకును నియమములు చెప్పినవి. గోడ మందము 45 సెంటీమీటర్లు మించరాదు. గోడ ఈ మొగమునుండి ఆ మొగమువరకు సాగు కట్టురాళ్లను ఎత్తున ప్రతి 60 సెంటీమీటర్లకును, పొడవున 1.2 మీటర్లకు మించని యెడముతోను పెట్టవలెను. పునాది, ద్వారబంధము, కప్పు మట్టములలో ఇంటిని చుట్టివచ్చునట్లు కాంక్రీటు పట్టీ వేయవలెను. పాత ఇల్లు పడగొట్టలేనివారు మిద్దెమీది అనవసరపు మట్టిని తీయించి బరువు తగ్గించుకొనవచ్చును. గోడలో అక్కడక్కడ రంధ్రములు చేసి ఇనుపకడ్డీతో కాంక్రీటు కట్టురాళ్లు పోయించవచ్చును. దూలములను స్తంభములకు బిగింపవచ్చును. ఇవి ఊరి పనివాండ్రు చేయదగినవే.

భూమి కదలునప్పుడు చేయవలసినది ఇంటినిబట్టి మారును. గట్టి కాంక్రీటు ఇంటిలో నున్నవారు పరుగెత్తక, బలమైన బల్ల క్రింద ముడుచుకొని, తలను కాపాడుకొని, ఊపు ఆగువరకు బల్లకాలును పట్టుకొనవలెను. కిటికీ అద్దములకు, బరువైన బీరువాలకు దూరముగ నుండవలెను. మెట్లపై దిగుటకు తొందరపడరాదు. మట్టిమిద్దెలో తలుపు చెంతనే యుండి, ఎదుట ఖాళీస్థల మున్నవారు వెంటనే వెలికి రావచ్చును. ఎదుట ఇరుకుసందు ఉన్నచో అది మృత్యుముఖమే. కావున ఇల్లు కట్టునప్పుడే ముంగిట జాగా విడుచుట మేలు. వెలుపల నున్నవారు గోడలకు, విద్యుత్తు స్తంభములకు ఎడముగ నిలువవలెను. ఊపు ఆగిన పిమ్మట పొయ్యి ఆర్పి, వంటవాయువు కట్టివేసి, చీలిన ఇంటిలోనికి మరల పోక నిలువవలెను. అనుకంపములు వెంటనే రావచ్చును.

ఉపసంహారము

2002 నాటి పటములో మొదటి మండలము రద్దై రెండవదానిలో కలిసినది. రాయచూరు ఆ రెండవ మండలములోనిదే. ఇది భయపడవలసిన స్థితి కాదు. నిశ్చింతగ నిద్రించుటకును కారణము కాదు. కిల్లారియు ఒకనాడు తక్కువ ప్రమాదపు మండలములోనిదే. భూకంప మెప్పుడు వచ్చునో ముందుగ చెప్పగల శాస్త్రము నేటికిని లేదు. 1961లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము మొదలగు సంస్థలు కంపములను కొలిచి, కారణములను శోధించి చెప్పగలవు. గోడలో కట్టురాయి పెట్టవలసినవాడు మాత్రము గృహస్థుడే.

దోవాబునకై రాజులు శతాబ్దములు పోరాడి కోటలను బలపరచిరి. నేటి గృహస్థునకు అంత వ్యయము అక్కరలేదు. పెండ్లికో పండుగకో ఇల్లు బాగుచేయించునపుడు సున్నముతోను రంగుతోను తృప్తిపడక, మిద్దె బరువును, గోడల పట్టును ఒకమారు పరీక్షింపజేసినచో, ఆ కప్పు క్రింద నిద్రించు బిడ్డలకు అంతకు మించిన ఆస్తి లేదు.