గాలం చీటీ: ఎరల కొట్టు నుంచి ఫోన్ తెర దాకా

అమెరికాలో దాదాపు ఏ సరస్సు ఒడ్డున సరదాకి గాలం వేసి కూర్చోవాలన్నా చేతిలో లైసెన్సు ఉండాలి. పడిన చేపను మళ్లీ నీళ్లలోకి వదిలేసేవాళ్లకూ అదే నియమం. చాలా రాష్ట్రాల్లో పదహారేళ్లు నిండని పిల్లలకు మాత్రం మినహాయింపు ఉంది. మన వైపు చేపల హక్కు వేరే దారిన నడిచింది. ఊరి చెరువు మత్స్యకార సహకార సంఘానికి లీజుకి పోతుంది. ఎవరు వల వేయాలో, ఎప్పుడు వేయాలో బెస్తలు, ముదిరాజులు, గంగపుత్రులు తమ సంఘంలో కూర్చుని తేల్చుకుంటారు. అమెరికాలో ఆ హక్కు మనిషి మనిషికీ విడివిడిగా, ఏడాదికింత అని, ఒక చీటీ రూపంలో అమ్ముడవుతుంది. డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉంటూ శనాదివారాల్లో గాలం పట్టే తెలుగువాళ్లు ఆ చీటీని ఇప్పుడు కారులో కూర్చునే ఫోన్‌లో కొనేస్తున్నారు. ముప్పై ఏళ్ల కిందటైతే ఎరలమ్మే కొట్టు దాకా వెళ్లక తప్పేది కాదు. అమ్మే చోటు మారినంత మాత్రాన ఏం మారిందిలే అనుకోవచ్చు. కానీ ఆ కొట్టులో జరిగిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని యంత్రం మెరుగ్గా చేస్తోంది, కొన్నిటిని అసలు చేయలేకపోతోంది.

గాలానికి లైసెన్సు పెట్టాలన్న ఆలోచన నదులు ఖాళీ అవుతున్నప్పుడు బలపడింది. 19వ శతాబ్దంలో తూర్పు తీరపు నదులకు అడుగడుగునా మిల్లుల ఆనకట్టలు లేచాయి. పట్నాల మురుగు నీళ్లలో కలిసింది. ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపలు తగ్గిపోయాయి. 1871లో స్పెన్సర్ బెయర్డ్ నాయకత్వంలో ఫెడరల్ ప్రభుత్వం చేపల కమిషన్ ఏర్పాటు చేసింది. ఆ తర్వాత పదేళ్లకు, ప్రత్యేకంగా కట్టించిన రైలు పెట్టెల్లో చేపపిల్లలను దేశమంతా తీసుకెళ్లి వదిలే పని మొదలైంది. పిల్లలను పెంచే కేంద్రాలకు, దొంగవేటను పట్టే వార్డెన్లకు డబ్బు కావాలి. చేపలు పట్టేవాళ్లే ఆ డబ్బు ఇవ్వాలన్న మాట ఒక్కో రాష్ట్రంలో చట్టమవుతూ వచ్చింది. కాలిఫోర్నియాలో 1914 నుంచి సరదా వేటకూ లైసెన్సు తప్పనిసరి అయింది. స్థానికులకు అప్పట్లో ఒక డాలరు. పెన్సిల్వేనియాలో 1922లో మొదలైంది, అక్కడా డాలరే.

అయితే కాలిఫోర్నియాలో లైసెన్సు అన్న పనిముట్టు అంతకు యాభై నాలుగేళ్ల ముందే ఇంకో రూపంలో పుట్టింది. చేపలు పట్టి బతికే చైనీయుల మీద 1860లో ఆ రాష్ట్రం నెలకు 4 డాలర్ల లైసెన్సు పన్ను వేసింది. చేపను కాపాడటానికి వేసింది కాదది, మనుషుల్ని తరమడానికి వేసింది. ఈ విషయం ఇక్కడే చెప్పడానికి కారణం ఉంది. లైసెన్సు ఎక్కడ కొంటాం అన్న ప్రశ్న వెనక ఎప్పుడూ మరో ప్రశ్న ఉంటుంది: దాన్ని ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు?

సరదా వేటకు లైసెన్సు చట్టమైతే వచ్చింది గానీ లక్షల మందికి చీటీలు రాసిచ్చేదెవరు? ప్రభుత్వానికి అన్ని ఊళ్లలో ఆఫీసులు లేవు. అందుకే ఆ పని మొదట కౌంటీ గుమాస్తాల చేతికి, వాళ్ల ద్వారా కొట్లవాళ్ల చేతికి వెళ్లింది. ఎరలు, గాలపు సామాను అమ్మేవాళ్లు, ఇనప సామాను కొట్లు, సరస్సుల దగ్గరి పెట్రోలు బంకులు, పచారీ కొట్లు లైసెన్సు ఏజెంట్లయ్యాయి. వరుస నంబర్లున్న ఖాళీ లైసెన్సుల పుస్తకం కొట్టుకి వచ్చేది. కొట్టువాడు పేరు, చిరునామా, ఎత్తు, బరువు, కళ్ల రంగు, జుట్టు రంగు అడిగి చేత్తో రాసేవాడు. ఫోటో లేని రోజుల్లో మనిషి ఆనవాళ్లంటే అవే. కింద కార్బన్ కాపీ. ఒక ముక్క కొన్నవాడికి, ఒక ముక్క లెక్కకి. అమ్మిన ప్రతి చీటీకీ కొద్దిపాటి కమీషన్ కొట్టువాడికి మిగిలేది. ఏడాది చివర అమ్ముడుపోని చీటీలు తిప్పి పంపాలి, నంబర్లన్నీ సరిపోవాలి. పోయిన చీటీకి జవాబు చెప్పుకోవాల్సింది కొట్టువాడే.

అంత శ్రమ ఆ చిల్లర కమీషన్ కోసమేనా అంటే, కాదు. లైసెన్సు కోసం లోపలికి వచ్చినవాడు వానపాముల డబ్బా, గాలాలు, సీసపు గుండ్లు, తాగడానికి ఏదైనా కొనుక్కుని వెళతాడు. మిన్నెసోటాలో మే నెలలో సీజన్ మొదలయ్యే ముందు రోజు, పెన్సిల్వేనియాలో ఏప్రిల్‌లో ట్రౌట్ వేట తెరిచే ముందు రోజు ఈ కొట్లు కిటకిటలాడేవి. ఆ ఒక్క వారపు అమ్మకాలతో చాలా నెలలు నెట్టుకొచ్చిన కొట్లున్నాయి.

కొనేవాడికి చీటీతో పాటు దొరికేది ఇంకోటి ఉంది. నీళ్లు ఎంత లోతున్నాయి, నిన్న ఏ ఎరకి పడ్డాయి, ఏ చేప ఎన్ని అంగుళాల లోపుంటే వదిలేయాలి, వంతెన దాటాక ఏ మడుగులో వేట నిషేధం అన్నవి ఆ బల్ల దగ్గరే తెలిసేవి. నియమాల పుస్తకం చేతికిచ్చినా, అందులో ఆ ఊరి నీళ్లకు వర్తించే పేజీని వేలితో చూపించేది కొట్టువాడే. కొత్తగా వచ్చినవాడు తెలియక తప్పు చేయకుండా కాచింది వార్డెన్ల కంటే వీళ్లే ఎక్కువని నా నమ్మకం.

చీటీ పైకి కనబడాలన్న నియమం కూడా అప్పటిదే. పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాలు లోహపు బిళ్లలు ఇచ్చాయి. వాటిని టోపీకో చొక్కాకో గుచ్చుకుని తిరిగేవారు. పెన్సిల్వేనియాలో ఈ బిళ్లలు 1950ల దాకా నడిచాయి, ఇప్పుడు వాటిని వెతికి దాచుకునేవాళ్లున్నారు. కాలిఫోర్నియాలో 2010 దాకా లైసెన్సును నడుముకు పైన, బయటికి కనిపించేలా తగిలించుకోవాలి. దూరం నుంచి చూసి వార్డెన్ పోల్చుకునేవాడు. పక్కన గాలం వేసినవాడూ పోల్చుకునేవాడు.

ఈ చక్కటి బొమ్మకి రెండో వైపూ ఉంది. కొలంబియా నది ప్రాంతపు యాకిమా తెగవాళ్లకు 1855 ఒడంబడిక తాతల నాటి చోట్లలో చేపలు పట్టే హక్కు నిలిపింది. అదే తెగకు చెందిన శాంప్సన్ టులీ రాష్ట్ర లైసెన్సు లేకుండా వలతో సాల్మన్ పట్టాడని వాషింగ్టన్ రాష్ట్రం శిక్షించింది. ఒడంబడికలో రాసుకున్న హక్కుకి రాష్ట్రం రుసుము అడగకూడదని 1942లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరేళ్ల తర్వాత తొరావ్ తకహాషి కేసు వచ్చింది. ఆయన 1915 నుంచి 1942 దాకా కాలిఫోర్నియాలో ఏటా వాణిజ్య లైసెన్సు తీసుకుని చేపలు పట్టినవాడు. యుద్ధకాలంలో జపనీయులందరితో పాటు ఇల్లు వదిలి వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి చట్టం మారిపోయింది. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లకు లైసెన్సు లేదన్నారు. 1948లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. భారతీయులకు పౌరసత్వం దక్కదన్న 1923 నాటి భగత్ సింగ్ థింద్ తీర్పు పుణ్యాన, 1946లో చట్టం మారేదాకా, భారతీయులూ ఆ అర్హత లేనివాళ్ల పట్టీలోనే ఉన్నారు. ఈ రోజు కాలిఫోర్నియాలో ఆరు నెలలుగా నివసిస్తున్నవాడెవడైనా స్థానికుల ధరకే సరదా వేట లైసెన్సు కొనుక్కోవచ్చు. పుట్టుక అడగని ఆ నియమం దానంతటదే వచ్చి ఒళ్లో పడింది కాదు.

1950లో డింగెల్-జాన్సన్ చట్టం వచ్చాక లైసెన్సు విలువ ఇంకో రకంగా పెరిగింది. గాలాలు, కర్రలు, రీళ్ల మీద వేసే 10 శాతం ఫెడరల్ పన్నును రాష్ట్రాలకు పంచుతారు. ఆ పంపకంలో 60 శాతం తూకం లైసెన్సు ఉన్నవాళ్ల సంఖ్యకి, 40 శాతం రాష్ట్ర విస్తీర్ణానికి. ఏ రాష్ట్రానికీ మొత్తంలో 5 శాతానికి మించి రాదు, 1 శాతానికి తగ్గదు. రాష్ట్రం పావలా పెడితే ఫెడరల్ ప్రభుత్వం ముప్పావలా పెడుతుంది. ఇంకో షరతుంది, నాకు దీనిమీద ఎంతో గౌరవం: లైసెన్సుల మీద వచ్చిన డబ్బును చేపలు, వన్యప్రాణుల శాఖ పనికి తప్ప మరి దేనికీ మళ్లించకూడదు. మళ్లిస్తే ఫెడరల్ వాటాకే ఎసరొస్తుంది. చెరువు డబ్బు చెరువుకే చేరేలా ఇంత గట్టిగా కట్టిన ముడి ప్రభుత్వ ఖజానాల చరిత్రలో అరుదు.

ఇక్కడే కార్బన్ కాపీల పుస్తకానికి కష్టమొచ్చింది. లెక్కలో మనిషిని ఒక్కసారే చూపాలి. ఒకే మనిషి జూన్‌లో ఒక ఊళ్లో ఒక రోజు చీటీ, ఆగస్టులో ఇంకో ఊళ్లో ఏడాది చీటీ కొంటే ఆ రెండు చేతిరాతలూ ఒకడివేనని పోల్చేదెవరు? కొట్ల నుంచి డబ్బు రావడానికి వారాలు పట్టేది. ఎంతమంది ఈ ఏడు మళ్లీ కొనలేదో, ఎందుకు మానేశారో శాఖకు తెలిసే దారే లేదు.

దీనికి తోడు 1996 సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లల పోషణ ఖర్చు ఎగ్గొట్టే తల్లిదండ్రులను పట్టుకోవడానికి లైసెన్సుల దరఖాస్తుల్లో సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోవాలని, బకాయి ఉన్నవాళ్ల డ్రైవింగ్ లైసెన్సులతో పాటు వేట లైసెన్సులనూ నిలిపివేసే ఏర్పాటుండాలని ఆ చట్టమూ, దాని సవరణలూ రాష్ట్రాలకు చెప్పాయి. గాలానికీ మనోవర్తికీ ఏం సంబంధమని చాలామంది కోప్పడ్డారు. పిల్లల తిండి దగ్గర ఆ కోపం నిలబడదని నా అభిప్రాయం. కానీ ఎరల కొట్టు బల్ల మీద, పక్కన నలుగురు వింటుండగా, అంత గుట్టైన నంబరు చెప్పడం ఎవరికీ ఇష్టం కాదు. అదీ కంప్యూటరు వైపు నెట్టిన ఒక కారణం.

విస్కాన్సిన్‌లో 1999లో, మిన్నెసోటాలో 2000లో కొట్లలోకి యంత్రాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో ఆ మార్పు 2010 చివరికి గానీ పూర్తి కాలేదు. అంటే మొదటి అడుగు కొట్టును తీసేయలేదు, అదే బల్ల మీద ఒక తెరను పెట్టింది. ఈ నడిమి దశను జనం పెద్దగా తలుచుకోరు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే మంచి దశ అదే. లెక్క అప్పటికప్పుడు శాఖకు చేరింది, మనిషి ఎదురుగానే ఉన్నాడు. చిక్కల్లా కాగితంతోనే. వేడి తగిలితే నల్లబడే కాగితం మీద అచ్చయిన లైసెన్సును ఎండలో కారు అద్దం కింద మరిచిపోతే అక్షరాలు కనబడవు.

తర్వాత ఇంటి కంప్యూటరు, ఆపైన ఫోన్. విస్కాన్సిన్ 2016లో తెచ్చిన కొత్త వ్యవస్థలో మామూలు కాగితం మీద అచ్చేసుకున్నా చెల్లుతుంది, ఫోన్‌లో చూపినా చెల్లుతుంది. అదే ఏడాది ఆగస్టులో ఈ ఏర్పాటు బలహీనతా బయటపడింది. పశ్చిమాది రాష్ట్రాలకు లైసెన్సు వ్యవస్థ నడుపుతున్న ఒక ప్రైవేటు సంస్థ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారు. వాషింగ్టన్, ఓరెగన్, ఐడహో ఆన్‌లైన్ అమ్మకాలు ఆపేశాయి. వాషింగ్టన్ రాష్ట్రం కొద్ది రోజులు లైసెన్సు లేకుండానే చేపలు పట్టుకోమంది. వెనకటికి ఒక కొట్లో పుస్తకం పోతే ఆ ఒక్క కొట్టే ఆగేది.

2020లో మాత్రం ఆన్‌లైన్ లేకపోతే ఏమయ్యేదో ఊహించలేం. కోవిడ్ వల్ల ఆఫీసులు, కొట్లు మూతపడ్డాయి. దూరం దూరంగా ఉండి చేసుకోగల సరదా కాబట్టి జనం గాలాలు పట్టుకున్నారు. చాలా రాష్ట్రాల్లో లైసెన్సులు అంతకుముందుకన్నా బాగా అమ్ముడయ్యాయి. మూడేళ్లకు కాలిఫోర్నియా ఎన్నాళ్ల నుంచో ఉన్న ఒక బాధను తీర్చింది. అప్పటిదాకా ఎప్పుడు కొన్నా లైసెన్సు డిసెంబరు 31కి ముగిసేది. అక్టోబరులో కొన్నవాడికీ ఏడాది ధరే. 2023 జనవరి నుంచి కొన్న రోజు లగాయతు 365 రోజులు చెల్లుతుంది. డాలరు చీటీ ఇప్పుడు 60 డాలర్లు దాటిన రాష్ట్రంలో ఇది చిన్న ఉపకారం కాదు. ఒక్కొక్కరికీ వేరే గడువు తేదీ గుర్తుంచడం కంప్యూటరు లెక్కకే సాధ్యం. అది దాని అసలైన బలం.

మరి కొట్టు ఏమైంది? చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ కొట్లలో లైసెన్సు దొరుకుతుంది. కాకపోతే ఆ కొట్టు పెద్ద సూపర్‌మార్కెట్టులో ఆటవస్తువుల విభాగం కావడానికే ఎక్కువ అవకాశం. కాలిఫోర్నియాలో ఏజెంటుకి 5 శాతం రుసుము తీసుకునే వీలుంది. ఆ 5 శాతం ఊరి చివర కొట్టును నిలబెట్టదు. ఒకప్పుడు లైసెన్సు తోసుకొచ్చిన మనుషులే దాన్ని నిలబెట్టారు. ఇప్పుడు వాళ్లు ఫోన్‌లో చీటీ కొని, దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా నీళ్ల దగ్గరికి వెళుతున్నారు. ఊళ్లో వానపాములు అమ్మేవాడు లేకుండా పోతే లైసెన్సున్నవాడికీ కష్టమే.

ఫోన్ వాడలేని ముసలివాళ్లు, బ్యాంకు కార్డు లేనివాళ్లు, ఇంగ్లిషులో అన్ని పేజీలు చదివి నొక్కలేనివాళ్లు ఉన్నారు. అసలు శాఖ వెబ్‌సైటు ఏదో తెలియక, దానిలాగే కనిపించే మరో చోట అదనంగా డబ్బు పోగొట్టుకునేవాళ్లను శాఖలే హెచ్చరించాల్సి వస్తోంది. కొండల్లో సిగ్నల్ ఉండదు. అందుకే వెళ్లే ముందే లైసెన్సును ఫోన్‌లో దించుకోమని, కుదిరితే కాగితం మీద అచ్చేసుకోమని చెబుతారు.

కొట్టు మీద మమకారంతో యంత్రాన్ని తిట్టడం నాకు సమ్మతం కాదు. లెక్క సరిగ్గా ఉంటేనే నదికి డబ్బు వస్తుంది, ఆ లెక్కను యంత్రం సరిచేసింది. కానీ లైసెన్సు వ్యవస్థలను ఈ రాష్ట్రాలు ఎప్పటికప్పుడు కొత్త కాంట్రాక్టులతో మారుస్తుంటాయి. అలా మార్చిన ప్రతిసారీ కొట్లకిచ్చే యంత్రం ఖర్చు ఎవరు భరించాలి, కమీషన్ ఎంత, సరస్సుకి ఎన్ని మైళ్ల లోపు నగదు తీసుకునే ఒక ఏజెంటు ఉండి తీరాలి అన్నవి ఆ కాంట్రాక్టు కాగితాల్లోనే రాయించుకోవాలి. గాలం పట్టేవాళ్ల సంఘాలు లైసెన్సు ధర పెరిగినప్పుడు గట్టిగా మాట్లాడతాయి. ఈ సంగతి మీదా అంత గట్టిగా మాట్లాడాల్సింది కాంట్రాక్టు మీద సంతకాలు పడకముందే.