రాతిమీద నిలిచిన అక్షరములు



మన పల్లెలనుండి విజయవాడ రహదారిమీద హైదరాబాదు వెళ్లువారు ఎల్.బి. నగరులోనో దిల్‌సుఖ్‌నగరులోనో బస్సు దిగుదురు. పిల్లలను చదువులో చేర్చుటకు కొందరు, ఆసుపత్రి పనిమీద కొందరు వత్తురు. కుతుబ్ షాహీ సుల్తానుల కాలమున మచిలీపట్టణపు రేవునుండి గోలకొండకు పోవు పెద్దబాట ఈ దిక్కుననే, హయత్‌నగరుమీదుగా సాగినది. వజ్రములకును అద్దకపు బట్టలకును ఈ దేశము వచ్చిన వర్తకులలో ఆర్మేనీయులను క్రైస్తవులుండిరి.

దిల్‌సుఖ్‌నగరునుండి సైదాబాదు, సంతోష్‌నగరుల మీదుగా కొద్ది మైళ్లు పోయినచో ఉప్పుగూడ వచ్చును. అచ్చట ఆర్మేనీయుల పాత సమాధితోట యున్నది. 17వ శతాబ్దమున ఇచ్చట కన్నుమూసిన వారి పేరులు వారి సొంత లిపిలో రాళ్లమీద చెక్కబడియున్నవి. ఇంటికి వేల మైళ్ల దూరమున, చదువగలవారు పిడికెడు మందియైనను లేనిచోట, వారు తమ అక్షరములనే యేల చెక్కించుకొనిరి?

నోవహు ఓడ నిలిచినదని మనము చదువుకొను అరారాతు కొండల సీమయే ఆర్మేనీయుల పుట్టినిల్లు. వారి రాజు 301వ సంవత్సరమున క్రైస్తవుడాయెనని వారి సంప్రదాయము. అయినను నూరేండ్లవరకు వారికి లిపి లేదు. ఆరాధనలో లేఖనములు గ్రీకులోనో సురియానీలోనో చదువబడెడివి. జనులు వినిరేగాని గ్రహింపలేదు. 387లో ఆ దేశమును రోమీయులును పారసీకులును పంచుకొనిరి. రాజ్యము పోవుచున్నది, భాషయు పోవునేమోయను భయము కలిగెను.

అప్పుడు మెస్రోప్ మాష్తొత్స్ అను సన్యాసి, పెద్ద గురువైన సహాక్, వ్రంషపూహ్ రాజుల ప్రోత్సాహముతో, సుమారు 405లో 36 అక్షరములను కూర్చెను. వారు మొదట తర్జుమా చేసినది సామెతల గ్రంథారంభములోని జ్ఞానమును గూర్చిన మాట. శిష్యులను దూరపట్టణములకు పంపి గ్రంథములు తెప్పించి, పరిశుద్ధ గ్రంథమంతయు తమ భాషలోనికి తెచ్చుకొనిరి. ఆ తర్జుమాదారులను వారి సంఘము నేటికిని అక్టోబరు మాసమున పండుగచేసి స్మరించును.

ఆ అక్షరములే వారికి అంకెలు. తొమ్మిదేసి చొప్పున నాలుగు వరుసలు: ఒకట్లు, పదులు, వందలు, వేలు. వారి శకము మన లెక్కకు 551 ఏండ్లు వెనుక. సమాధిపై వెయ్యికి ఒక అక్షరము, నూటికి ఒక అక్షరము ఉన్నచో 1100. దానికి 551 కలిపిన 1651. ఇట్లు చనిపోయినవాని పేరును కాలమును ఒక్క లిపియే మోయుచున్నది.

చెదరిన కొలదియు వారు అక్షరమును గట్టిగా పట్టుకొనిరి. 1512లో వెనిస్ నగరమున తొలి ఆర్మేనీయ పుస్తకమును, 1666లో ఆమ్‌స్టర్‌డాములో వారి బైబిలును అచ్చుపడెను. మన పొరుగున చెన్నపట్టణములో హరుత్యూన్ ష్మవోన్యన్ అను పాదిరి 1794లో ‘అజ్దరార్’ అను మాసపత్రికను ప్రకటించెను. ప్రపంచములోనే ఆర్మేనీయ భాషలో అది మొదటి పత్రిక! 1915నుండి జరిగిన ఘోరమైన మారణహోమము తరువాత వారు ఇంకను చెదరిపోయిరి. నేడు సొంత దేశములోకంటె వెలుపలనే వారెక్కువ. అయినను పిల్లలకు ఆ అక్షరములు నేర్పుచునే యున్నారు.

ఇప్పుడు మన మాట. క్రొత్త నిబంధన తెలుగులో 1818లో శ్రీరామపురమున అచ్చుపడినది.  తరువాత ఎందరో పాలేళ్లు, కూలివారు, రాత్రిబడిలో దీపము ముందు అక్షరములు దిద్దుకొని లేఖనము చదివిరి. వారి మునిమనుమలు నేడు దిల్‌సుఖ్‌నగరులో పెద్ద చదువులు చదువుచున్నారు, అది సంతోషమే. కాని సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మమ్మ తెలుగు బైబిలు చేతికిచ్చి చదువుమనగా, కూడబలుకుకొనలేక తలవంచుకొను బిడ్డ మన ఇండ్లలో లేడా? పరభాష నేర్చినందున తప్పులేదు. ఆ వర్తకులును పది భాషలతో బేరము చేసినవారే. అయితే ప్రార్థనకును సమాధికిని తమ అక్షరమును దాచుకొనిరి.

ఈ రాత్రి భోజనమైన తరువాత, మీ బిడ్డచేత సామెతలు మొదటి అధ్యాయము తెలుగులో చదివించుడి. తడబడినచో గద్దింపక, వ్రేలు పెట్టి చూపుడి. అక్షరమనగా నశింపనిదని మన పెద్దలు పేరుపెట్టిరి. అయినను చదువువారున్నంతవరకే అది నశింపదు.