చీరట నుంచి ఇంజెక్షన్ దాకా: ఒప్పుకోలు వెనక ఉన్న మనసు కథ

జీడిమెట్ల నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు టాపిక్ ఫోరెన్సిక్ సైకాలజీ. అంటే కోర్టు పనికి వచ్చే మనస్తత్వ శాస్త్రం.

ఈ మాట వినగానే మనకు గుర్తొచ్చేది సినిమా సీనే కదా. చీకటి గది, కుర్చీలో కట్టేసిన నిందితుడు, చేతికి ఇంజెక్షన్, పక్కన కోటు వేసుకున్న డాక్టర్. రెండు నిమిషాల్లో నిజమంతా బయటికి వచ్చేస్తుంది. టీవీలో కూడా ఏదైనా పెద్ద కేసు రాగానే, "వాడికి నార్కో చేస్తే తేలిపోతుంది" అని ఎవరో ఒకరు అంటారు. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పబోయేది దానికి పూర్తిగా ఉల్టా. మనసులోంచి నిజాన్ని లాగడం ఈ శాస్త్రం అసలు పని కాదు. ఒత్తిడిలో పుట్టే అబద్ధాన్ని పట్టుకోవడం, దాని నుంచి న్యాయాన్ని కాపాడటం దాని అసలు పని. ఎందుకు ఇలా అంటున్నానో తెలియాలంటే 170 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఆ కథలో ఒక తెలుగాయన ఉన్నాడు.

ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసులో వ్యాపారి. 1806లో పుట్టాడు. 1844లో క్రెసెంట్ అనే పత్రిక పెట్టాడు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. అప్పటికి కాంగ్రెస్ పుట్టడానికి ఇంకా 33 ఏళ్లుంది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పుడు మద్రాస్ ప్రెసిడెన్సీ కింద, అంటే ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉండేవి. శిస్తు కట్టలేని రైతును కంపెనీ ఉద్యోగులు చిత్రహింసలు పెట్టేవాళ్లు. దొంగతనం కేసులో పట్టుకున్నవాడిని నేరం ఒప్పుకునేదాకా అదే చేసేవాళ్లు. లక్ష్మీనరసు చెట్టి ఊరుకోలేదు. 1853లో డాన్బీ సేమూర్ అనే బ్రిటిష్ ఎంపీ మద్రాసు వస్తే, ఆయన్ని వెంటబెట్టుకుని ఊళ్లలో తిప్పి జనం గోడు వినిపించాడు. సేమూర్ వెనక్కి వెళ్లి 1854లో లండన్ పార్లమెంటులో విషయం లేవనెత్తాడు. దాంతో విచారణ కమిషన్ వేయక తప్పలేదు. 1855లో ఆ కమిషన్ రిపోర్ట్ వచ్చింది. చరిత్రలో దాన్ని మద్రాస్ టార్చర్ కమిషన్ అంటారు.

ఆ రిపోర్ట్‌లో హింస పద్ధతుల పేర్లు కూడా ఉన్నాయి. వేళ్లను చెక్కల మధ్య పెట్టి నొక్కే పద్ధతిని తెలుగులో చీరట అనేవారని రాశారు. మనిషిని వంచి, కదలకుండా కట్టి, ఎండలో అలాగే ఉంచడం ఇంకో పద్ధతి. హింస జరుగుతోందన్నది నిజమేనని కమిషన్ ఒప్పుకుంది. శిస్తు కోసమూ జరుగుతోంది, పోలీసు కేసుల్లో ఒప్పుకోలు కోసమూ జరుగుతోంది అని తేల్చింది.

ఇప్పుడు దీని ఫలితం చూడండి. 1861లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక కొత్త రూల్ పెట్టారు. పోలీసు దగ్గర ఇచ్చిన ఒప్పుకోలును కోర్టులో నిందితుడి మీద సాక్ష్యంగా వాడకూడదు. అదే రూల్ 1872 సాక్ష్య చట్టంలో సెక్షన్ 25 అయింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 23 అయింది. నంబర్ మారింది, రూల్ మారలేదు. "నేరం ఒప్పుకున్నాడు" అని టీవీలో స్క్రోలింగ్ వచ్చినప్పుడు, పోలీసుల ముందు చెప్పిన ఆ ఒక్క మాటకు కోర్టులో విలువ లేదన్నది గుర్తుపెట్టుకోండి. ఒకవేళ అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరికిన మేరకు మాత్రమే ఆ మాటను తీసుకుంటారు.

మీలో కొందరికి ఇప్పుడు డౌట్ వస్తుంది. కొడితే ఎవడైనా ఒప్పుకుంటాడు, సరే. కొట్టకపోతే? చేయని నేరాన్ని ఎవరైనా ఎందుకు ఒప్పుకుంటారు?

సైకాలజీ రంగంలోకి దిగింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. ఐస్‌లాండ్‌లో పుట్టిన గిస్లీ గుడ్‌జాన్సన్ అనే ఆయన ముందు పోలీసుగా పనిచేసి, తర్వాత సైకాలజిస్ట్ అయ్యాడు. ఎదుటివాడు సూచించిన మాటకు మనిషి ఎంత తేలిగ్గా తల ఊపుతాడో కొలిచే ఒక స్కేల్ తయారుచేశాడు. భయం, నిద్రలేమి, ఒంటరితనం, పదేపదే అదే ప్రశ్న. ఇవన్నీ కలిస్తే మనిషికి రేపు కోర్టులో ఏమవుతుందన్నది కనిపించదు. ఈ గదిలోంచి ఎప్పుడు బయటపడతానన్నదే కనిపిస్తుంది. కొందరైతే "నేనే చేశానేమో" అని తమ జ్ఞాపకాన్ని తామే అనుమానించే స్థితికి వెళ్తారు. ఇంగ్లండ్‌లో గిల్డ్‌ఫోర్డ్ ఫోర్ అని పేరుపడ్డ నలుగురు, బాంబు కేసులో పోలీసు కస్టడీలో ఇచ్చిన ఒప్పుకోళ్ల మీదే శిక్షపడి, దాదాపు 15 ఏళ్లు జైల్లో ఉండి, 1989లో విడుదలయ్యారు.

మా ఏరియానే తీసుకుని ఆలోచిస్తా. జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎంతమందో. అలాంటి ఒకడు నైట్ షిఫ్ట్ దిగి రూమ్‌కి వచ్చాడనుకోండి. తెలుగు సరిగ్గా రాదు. ఊళ్లో ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయనివ్వలేదు. ఏదో చోరీ కేసులో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఎవరూ చెయ్యి కూడా ఎత్తలేదు. అయినా వాడు ఏ గంటకు "హా సార్" అంటాడు? అది నిజమా, అలసటా? ఈ తేడా చెప్పగలిగేది ఫోరెన్సిక్ సైకాలజీ.

ఇది ఎక్కడో ఇంగ్లండ్ గొడవ అనుకోవద్దు. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్‌లో ఆయేషా మీరా అనే స్టూడెంట్‌ను చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. 2008లో సత్యంబాబు అనే కుర్రాడిని అరెస్ట్ చేసి, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి 8 ఏళ్లు దాటాయి. ఒక మనిషి యవ్వనం మొత్తం జైల్లో పోయింది. ఇంకోపక్క కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, అసలు చేసింది ఎవరు అన్న ప్రశ్నతో మళ్లీ మొదటికొచ్చారు. తప్పుడు కేసులో నష్టపోయేది ఒక్క నిందితుడే కాదు. బాధితురాలి కుటుంబం కూడా.

సరే, దెబ్బలు వద్దు, మెషిన్ పెడదాం. మెషిన్‌కి పక్షపాతం ఉండదు కదా? 20వ శతాబ్దం మొత్తం ఈ ఆశ చుట్టూనే తిరిగింది.

1921లో అమెరికాలో బర్క్‌లీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ పాలీగ్రాఫ్ తయారుచేశాడు. మనం లై డిటెక్టర్ అనేది దాన్నే. నిజానికి అది అబద్ధాన్ని కొలవదు. బీపీ, నాడి, ఊపిరి, చెమట కొలుస్తుంది. అబద్ధం ఆడేవాడికి గుండె దడ వస్తుంది, నిజమే. మరి పోలీసు ముందు కూర్చున్న అమాయకుడికి రాదా? లార్సన్‌కి ముందే విలియం మార్‌స్టన్ అనే సైకాలజిస్ట్ బీపీతో ఇలాంటి పరీక్షే చేశాడు. 1923లో అమెరికా కోర్టు ఫ్రై అనే కేసులో దాన్ని సాక్ష్యంగా తీసుకోనంది. ఇదే మార్‌స్టన్ తర్వాత 1941లో వండర్ ఉమన్ అనే కామిక్ పాత్రను సృష్టించాడు. ఆమె తాడుతో కట్టిపడేస్తే ఎవరైనా నిజం చెప్పాల్సిందే. కోర్టులో కుదరనిది కామిక్‌లో కుదిరింది అన్నమాట!

ఇక ఇంజెక్షన్. 1922లో టెక్సాస్‌లో రాబర్ట్ హౌస్ అనే డాక్టర్ స్కోపలమిన్ మందు ఇచ్చి ఇద్దరు ఖైదీలను ప్రశ్నించాడు. నిజం చెప్పించే మందు అన్న పేరు అప్పుడే పాకింది. మన దేశంలో నార్కోకి వాడేది సోడియం పెంటోథాల్. ఇది మత్తుమందు. మత్తులో మనిషికి అదుపు తగ్గుతుంది, మాటలు ఎక్కువవుతాయి. కానీ ఆ మాటల్లో జరిగిందీ ఉంటుంది, ఊహించుకున్నదీ ఉంటుంది, అడిగేవాడు సూచించిందీ ఉంటుంది. బార్‌లో నాలుగు పెగ్గులు పడ్డాక ఫ్రెండ్ చెప్పే కథలు మీరు వినే ఉంటారు. అవన్నీ నిజాలేనా?

2000 తర్వాత మన దగ్గర నార్కో ఒక ఫ్యాషన్ అయిపోయింది. నకిలీ స్టాంపుల కేసులో తెల్గీ నార్కో వీడియోలు టీవీల్లో వేశారు. హైదరాబాద్‌లో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత ఈ నగరం నుంచే ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకెళ్లారు. కొందరిని నార్కో కోసం బెంగళూరు కూడా తీసుకెళ్లారు. చివరికి దర్యాప్తు పూర్తిగా వేరే వాళ్ల మీదకు మళ్లింది. 2018 ఏప్రిల్‌లో నాంపల్లిలోని ఎన్ఐఏ కోర్టు వాళ్లనూ నిర్దోషులుగా వదిలేసింది. ఇంజెక్షన్లు అయ్యాయి, మసీదులో బాంబు పెట్టిందెవరో మాత్రం ఈ రోజుకీ కోర్టులో రుజువు కాలేదు.

మలుపు 2010 మే 5న వచ్చింది. సెల్వి వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం అనే కేసులో సుప్రీంకోర్టు తీర్పు. చీఫ్ జస్టిస్ కె.జి. బాలకృష్ణన్, జస్టిస్ రవీంద్రన్, జస్టిస్ పంచాల్ బెంచ్. నార్కో గానీ, లై డిటెక్టర్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఇష్టం లేకుండా చేయడానికి వీల్లేదు అని తేల్చారు. ఆధారం రాజ్యాంగంలోని ఆర్టికల్ 20(3). తన మీద తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టకూడదు అంటుంది అది. దాంతోపాటు ఆర్టికల్ 21, అంటే వ్యక్తిగత స్వేచ్ఛ. ఒంటి మీద దెబ్బ పడకపోయినా, మనసులోకి బలవంతంగా చొరబడటం కూడా బలవంతమే అన్నది ఈ తీర్పు సారం. 1855లో చెక్కల మధ్య వేళ్లు నొక్కడం తప్పన్నారు. 2010లో నరంలోకి సూది గుచ్చి మాట లాగడం తప్పన్నారు. రెంటి మధ్య 155 ఏళ్లు.

ఇష్టపడి చేయించుకుంటే? చేయించుకోవచ్చు. కానీ లాయర్ అందుబాటులో ఉండాలి, మేజిస్ట్రేట్ ముందు సమ్మతి నమోదు కావాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో లై డిటెక్టర్ కోసం రాసిన నియమాలివి. కోర్టు వీటినే ఖచ్చితంగా పాటించమంది. అప్పుడు కూడా టెస్ట్‌లో చెప్పిన మాట సాక్ష్యం కాదు. దాని సాయంతో దొరికిన వస్తువో, సమాచారమో మాత్రమే పనికొస్తుంది. 2025 జూన్‌లో బీహార్ నుంచి వచ్చిన అమ్లేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది.

అయితే సైకాలజీకి కోర్టులో చోటు లేదా? ఉంది, చాలా ఉంది. కాకపోతే అది సినిమాలో కనిపించేది కాదు. ఫ్రెండ్‌ని ఆటపట్టిస్తూ "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా" అంటాం కదా. అలాంటి ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల డాక్టర్లు, సైకాలజిస్టులు ఒక మనిషిని రోజుల తరబడి గమనించి కోర్టుకు రిపోర్ట్ ఇస్తారు. విచారణను అర్థం చేసుకునే స్థితిలో ఇతను ఉన్నాడా? నేరం చేసిన క్షణంలో తాను చేస్తున్నది ఏంటో తెలుసా? ఈ రెండో ప్రశ్న మీద 1964లో దహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దారి చూపిస్తుంది. దాన్ని రాసింది రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. మతిస్థిమితం లేదన్న వాదనను నిందితుడు పూర్తిగా రుజువు చేయలేకపోయినా, నేరం చేసే ఉద్దేశం అతనికి ఉందా అన్న సహేతుకమైన అనుమానం మిగిలితే, ఆ లాభం అతనికే ఇవ్వాలన్నారు.

ఇప్పుడు మన తరానికి దగ్గరి విషయం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నుంచి 18 ఏళ్ల లోపు వాళ్లు ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ వస్తే, పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని బోర్డు ముందు అంచనా వేయాలి. 2022 మేలో జరిగిన జూబ్లీహిల్స్ అత్యాచారం కేసులో అయిదుగురు మైనర్లు నిందితులు. వారిలో నలుగురిని పెద్దవాళ్లుగా విచారించాలని బోర్డు చెప్పింది. 2023లో ఒకరి విషయంలో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. అదే 2022 జూలైలో, గురుగ్రామ్‌లో ఒక స్కూల్ పిల్లాడి హత్య కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. బోర్డు సభ్యులకు సైకాలజీ చదువు లేకపోతే, ఆ అంచనాకు నిపుణుల సాయం తీసుకుని తీరాలి. అన్నట్టు, ఆ గురుగ్రామ్ కేసులో పోలీసులు మొదట పట్టుకున్నది బస్ కండక్టర్‌ని. అతనూ "ఒప్పుకున్నాడు" అనే చెప్పారు. తర్వాత సీబీఐ అతనికి సంబంధం లేదని తేల్చింది.

చూశారా, కథ మళ్లీ అక్కడికే వచ్చింది. ఒప్పుకున్నాడు అన్న ఒక్క మాట దగ్గరికి.

నిపుణులు అక్కర్లేకుండా మనమే చేయగలిగింది ఒకటుంది. "ఒప్పుకున్నాడు", "నార్కో చేయండి" అన్న వార్త ఫోన్‌లో కనిపించగానే ఫార్వర్డ్ కొట్టకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరి ముందు ఒప్పుకున్నాడు? లాయర్ ఉన్నాడా? ఆ మాట కాకుండా వేరే ఆధారం ఏముంది? మీకు గానీ, మీవాళ్లకు గానీ ఎప్పుడైనా అవసరం పడితే ఇది గుర్తుంచుకోండి: అరెస్ట్ చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, లాయర్‌ను కలిసే హక్కు ఉంది, నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ టెస్ట్‌లకు "వద్దు" అనే హక్కు ఉంది. వద్దన్నంత మాత్రాన దొంగ అయిపోరు.

ఫోన్ లేని, పేపర్ చదవడం రాని రైతు కోసం లక్ష్మీనరసు చెట్టి ఒక ఎంపీని ఊరూరా తిప్పాడు. మన చేతుల్లో అన్నీ ఉన్నాయి. కనీసం తీర్పు రాకముందే మనం తీర్పు చెప్పకుండా ఉందాం. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.