మూడు నిమిషాల పాట

విజయనగరం పేరు చెబితే సంగీతం గుర్తుకు రావడం కొత్తేమీ కాదు. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. 1936లో ఆ కుర్చీలోకి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వచ్చారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు. 1935లో సుశీలమ్మ ఆ ఊళ్ళోనే పుట్టారు. ఇంతమంది పాడారు, వాయించారు, సరే. మరి కచేరీ అయిపోయి, విన్నవాళ్ళు ఇళ్ళకు పోయాక ఆ పాట ఎక్కడికి పోతుంది? దాన్ని పట్టి ఉంచే పెట్టె ఎవరి చేతుల్లో ఉంది? ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి, ఎంత పెట్టాలి అని ఈ రోజుల్లో చాలామంది అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు ఆ పెట్టె కథ కాస్త చెప్పుకోవాలి.

మన దేశంలో గ్రామఫోన్ రికార్డులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. గౌహర్ జాన్ గారు పెద్ద బాకాలాంటి గొట్టంలోకి గొంతెత్తి పాడితే, అవతల మైనపు పళ్ళెం మీద గీత పడేది. మధ్యలో దగ్గు వచ్చిందా, ఆ మైనం దండగే! మళ్ళీ మొదటినుంచీ పాడాలి. ప్లేటుకు ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. గంటసేపు సాగే రాగమైనా ఆ మూడు నిమిషాల్లోనే సర్దుకోవాలి. మైకు ముందు పాడే పద్ధతి 1925 తర్వాతే వచ్చింది.

ఆ ప్లేట్ల కాలంలోనే సాలూరు పక్కనుంచి ఒక కుర్రవాడు బయలుదేరాడు. అతనే సాలూరి రాజేశ్వరరావు. తండ్రి సన్యాసిరాజు గారు ద్వారంవారికి మృదంగ సహకారం అందించినవారు. కుర్రవాడు చిన్నతనంలోనే గ్రామఫోన్ ప్లేట్లకు పాడాడు. 1935లో ‘శ్రీకృష్ణ లీలలు’ సినిమాలో కృష్ణుడయ్యాడు. కంపెనీవాళ్ళ చెవికి ఆ గొంతు నచ్చింది కాబట్టి నిలిచింది. నచ్చని గొంతులు, అసలు వాళ్ళ చెవిన పడని గొంతులు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. పాలకొండలోనో పార్వతీపురంలోనో ఉయ్యాల ఊపుతూ పాడే అమ్మమ్మ కోసం ఏ కంపెనీ రైలెక్కి వస్తుంది?

యంత్రం అందకపోతే కాగితముంది కదా అనుకున్నవారూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో 1913లో పుట్టిన శ్రీపాద పినాకపాణి గారు వృత్తికి డాక్టరు. రోగుల్ని చూసుకుంటూనే వందల కీర్తనలకు స్వరాలు రాసిపెట్టారు. తిరుమల తిరుపతి దేవస్థానంవారు వాటిని ‘సంగీత సౌరభం’ సంపుటాలుగా వేశారు. మహోపకారం! అయితే కాగితం మీద స్వరం నిలుస్తుంది గాని, పాడినవారి గొంతులోని జీర నిలవదు.

ఆ జీరను ఇంటికి తెచ్చింది టేపు. ఫిలిప్స్ కంపెనీ 1963లో కాసెట్టు తెచ్చింది. తర్వాత మెల్లిగా మన ఇళ్ళలోకీ టేపురికార్డర్లు వచ్చాయి. పెళ్ళిపాటలు, పిల్లల ముద్దుమాటలు అందులో చేరాయి. కాని కాసెట్టుకు బూజు పడుతుంది, టేపు చిక్కుపడుతుంది. పైగా అత్తగారి మంగళహారతి మీద మరిదిగారు సినిమా పాట ఎక్కించేస్తారు!

ఆ తర్వాత కంప్యూటరు. 1991లో ‘ప్రోటూల్స్’ వచ్చినప్పుడు అది వేల డాలర్ల సరుకు, పెద్ద స్టూడియోలకే తగినది. 2000లో కథ మారింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని అనే విద్యార్థి, రోజర్ డానెన్‌బర్గ్ అనే గురువు కలిసి మొదలుపెట్టిన ‘ఆడాసిటీ’ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. 2004లో ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లకు ‘గ్యారేజ్‌బ్యాండ్’ ఇచ్చింది. ‘రీపర్’ అనే మరొకటి ఉంది. దాన్ని 60 రోజులు ఊరికే వాడి చూసి, నచ్చితే సొంత వాడకానికి 60 డాలర్లు కట్టవచ్చు.

మరి ఏది మంచిది? ఒక్క గొంతు, మహా అయితే పక్కన శ్రుతిపెట్టె అయితే ఆడాసిటీ చాలు, పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఆపిల్ కంప్యూటరు ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఎలాగూ ఉండనే ఉంది. వీణ, మృదంగం, గొంతు వేరువేరుగా ఎక్కించి తీరిగ్గా కలుపుకోవాలనుకుంటే రీపర్ హాయి. నెలనెలా చందా కట్టే రకాలతో మాత్రం జాగ్రత్త. చందా ఆగిన నాడు మన పాట మనకే తెరుచుకోకపోవచ్చు. ఏది వాడినా చివరికి ‘వేవ్’ రకం ఫైలుగా దాచుకుంటే ఏ యంత్రమైనా చదువుతుంది. ఒక్క గొంతు గంటసేపు పాడినా 300 మెగాబైట్లకు కాస్త పైన, అంతే.

అసలు శ్రమ సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఇంట్లో ఉంది. ఫ్యాను ఆపాలి. కుక్కరు కూతలు అయ్యేదాకా ఆగాలి. పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో కూర్చుంటే గోడల మోత తగ్గుతుంది. మైకు నోటికి ఓ జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టాలి. పాట మొదలెట్టేముందు పది సెకన్లు ఊరుకుంటే, ఆ నిశ్శబ్దంలోని హోరును గుర్తుపట్టి ఆడాసిటీ పాటలోంచి చాలావరకు తీసేస్తుంది.

ఇన్నాళ్ళూ ఎవరి పాట నిలవాలో కంపెనీ నిర్ణయించింది. ఇప్పుడు ఆ నిర్ణయం మన చేతికొచ్చింది. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంతో పాటు గొంతునూ ఎంచుకుందాం. జముకుల కథ చెప్పే పెద్దాయన, నాట్ల పాటలు పాడే పక్కింటి అప్ప, ఇరవై చరణాల పెళ్ళిపాట వచ్చిన మీ అమ్మమ్మ, ఎవరైనా సరే. పాటతోపాటు వారి పేరు, ఊరు, ఆ రోజు తేదీ కూడా చెప్పించండి. నెమ్మదిగా పాడనివ్వండి. మూడు నిమిషాలైపోయాయి, ఆపమ్మా అనేవారు ఇప్పుడెవరూ లేరు.