పొన్నంకి పిట్ట పుట్టుపూర్వోత్తరములు

నిజాము ఏలుబడిలో వరంగల్లు సుబాకు అధికారియైన సుబేదారు నివసించిన తావగుటచే సుబేదారి యని పేరుగాంచిన హనుమకొండ పేటలో, తొలకరి కురిసిన మఱునాటి ఉదయమున, ఒక పాత ఆవరణలోని చింతచెట్టు క్రింద నేనొక చిన్న పక్షిని గాంచితిని. మైనాకంటె చిన్నది; తోక యున్నదో లేదో యన్నంత పొట్టిది. తడిసిన యాకులను ముక్కుతో ఒక్కొక్కటిగా ప్రక్కకు విసరుచు, అడుగున దాగిన పురుగును పట్టి మ్రింగి, ఆ కురుచ తోకను మెల్లగా క్రిందికిని మీదికిని ఆడించుచుండెను. వీపు ఆకుపచ్చన, ఱెక్కపై మెఱయు నీలము, కంఠము తెల్లన, ఱొమ్ము గోధుమవన్నె, కంటిమీదుగా కాటుక దిద్దినట్టి నల్లని పట్టె, తోక క్రింద కుంకుమ యెఱుపు! హిందీ వారు దీనిని నౌరంగ్ అనుట ఎంతయు సమంజసము. మన వారికిది పొన్నంకి పిట్ట.

ఈ పక్షి నామచరిత్రము తెలుగువారికి గర్వకారణమైనది. చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలో వైద్యుడైన ఎడ్వర్డు బక్లీ పంపిన పక్షులను గూర్చి ఇంగ్లండులోని జేమ్సు పెటివరు వ్రాసిన వివరణము, 1713లో జాన్ రే పక్షిశాస్త్ర గ్రంథముతోపాటు వెలువడినది. అందీ పక్షి ‘పొన్నంకి పిట్ట’ యను మన పేరుతోనే ప్రవేశించెను. పిదప 1766లో లిన్నేయసు దీనిని కాకుల ప్రజాతిలో చేర్చి, పొట్టి తోక గలదను అర్థము వచ్చు ‘బ్రాకియూరస్’ అను గ్రీకు విశేషణమును తగిలించెను. కాకులతో దీనికి చుట్టరికము లేదు గనుక, 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియోయ్ దీనికొక ప్రత్యేక ప్రజాతిని కల్పించి, దానికి ‘పిట్టా’ యని నామకరణము చేసెను. మన యింట పిచ్చుక మొదలు పాలపిట్ట వఱకు అన్నింటికిని చెల్లు సామాన్య పదము, ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వఱకు వ్యాపించి నలువదికి పైగా జాతులు గల ఒక కుటుంబమునకు ఇట్లు సంజ్ఞానామమైనది.

శాస్త్రజ్ఞులు ఈ పిట్టా కుటుంబపు పక్షులను కొమ్మను పట్టి కూర్చుండు పక్షుల మహావర్గమున చేర్చిరి. కాని కంఠనాదమును పుట్టించు అవయవపు కండరముల నిర్మాణమునుబట్టి, కోకిలకంఠులగు గాయకపక్షులనుండి వీనిని వేఱుపఱచిరి. ఇట్లు వేఱుపడిన పక్షులలో అధికభాగము దక్షిణ అమెరికాలో నున్నవి. అయినను పొన్నంకి పిట్ట మూగది గాదు. ఉదయసాయంకాలములందు రెండు స్వరముల స్పష్టమైన ఈల వేయును. ఆఱు గంటల వేళ తప్పక పలుకుటచే తమిళులు దీనికి ‘ఆరుమణి కురువి’ యని పేరిడిరి.

ఈ జాతి భారత ఉపఖండమునకే పరిమితమైనది. హిమాలయ పాదప్రాంతములు, మధ్యభారతపు కొండలు, పడమటి కనుమల ఉత్తర భాగము దీని పుట్టిండ్లు. వానకాలమున అచ్చట ఎండుటాకులతోను, గడ్డితోను గోళాకారమైన గూడు కట్టి, ఊదాచుక్కలు గల తెల్లని గ్రుడ్లు నాలుగైదు పెట్టును. శీతకాలమునకు దక్షిణాపథమును, సింహళమును చేరును. రాత్రులందు సాగు ఈ ప్రయాణమున మన తెలంగాణము నడిమి దారి. వేసవి చివర ఉత్తరమునకును, శరత్తులో దక్షిణమునకును పోవునప్పుడు, అలసిన పక్షి అడవి దొరకనిచో ఊరి తోటలలోనైనను దిగును. నేను చూచినది అట్టి బాటసారియే కావచ్చును. మూడవనాటికి చింత క్రింద అది లేదు.

ఎండుటాకులు ఈ పక్షికి చెత్త గావు, అన్నపు పళ్లెము. మన భాషనుండి పేరును గైకొని లోకమునకు పరిచితమైన ఈ యతిథి వచ్చు వేళకు, ఆవరణలో ఒక మూలనైనను రాలిన యాకులను ఊడ్చి కాల్చక విడుచుట మన ధర్మము. చింతచెట్టు నీడయు, తడిసిన ఆకులును ఉన్నచో, ఆ పొట్టితోక బాటసారి సుబేదారిని దాటిపోక, రెండునాళ్లు ఆగి కడుపు నింపుకొని పోవును.